ఖాళీ చేసేవాడు

పొగమంచు.

పంపు పక్కన ద్రవ నత్రజని పోసినప్పుడల్లా పొగమంచు. తెల్లగా పొంగి, గచ్చు మీద పాకి, అతని బూట్ల చుట్టూ ఒక తిప్పు తిరిగి, ఎటు పోవాలో తోచనట్టు ఆగి… కరిగిపోతుంది.

పోస్తే మళ్ళీ పుడుతుంది.

ఆగుతుంది. కరుగుతుంది.

ఇరవై ఆరేళ్ళుగా అతని బూట్లకి ఆ మంచుతో పరిచయం.

భూమి కింద సొరంగం. సొరంగంలో గొట్టం. ఒక ఊరు ఊరంతా చుట్టి వచ్చేంత పొడవు, రెండు చేతుల గుప్పిట్లో ఇమిడేంత లావు. అందులో గాలి ఉండకూడదు. చెమ్మ ఉండకూడదు. వేలిముద్ర కూడా ఉండకూడదు — ఒక్క వేలిముద్రలోని జిడ్డు నెలల తరబడి ఆవిరి వదులుతూ కూర్చుంటుంది.

ఆ గొట్టాన్ని ఖాళీ చేయడం అతని పని.

లోకంలో అందరూ ఏదో ఒకటి నింపుతారు. సంచులు నింపుతారు. కడుపులు నింపుతారు. దరఖాస్తులు నింపుతారు. అతను ఖాళీ చేస్తాడు. తోడతాడు. తోడి తోడి, ఇంక తోడడానికి ఏమీ లేదు అనిపించాక — ఇంకా తోడతాడు. చందమామ మీద ఎంత గాలి ఉంటుందో, అంతకు వచ్చేదాకా.

ముక్కలు ముక్కలుగా వచ్చిన గొట్టాన్ని వెల్డింగ్ పెట్టి అతికేది అతనే. అతికాక ఎక్కడైనా కారుతోందేమో వెతికేది అతనే. అందుకే అందరూ అతన్ని ‘ముక్కు’ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. అక్కడే ఉండనీ.

ఎనిమిదో తరగతి పరీక్ష రోజున ముక్కు ఎవరింటి గేటుకో వెల్డింగ్ పెడుతున్నాడు. మర్నాడు కూడా పెట్టాడు. ఆ తర్వాత బడి అతన్ని అడగలేదు. అతనూ బడిని అడగలేదు.

అడగకపోయినా… కుట్టేది. కోట్లు వేసుకున్నవాళ్ళు సొరంగంలోకి దిగి, గొట్టం ముందు నిలబడి, చేతులూపుతూ మాట్లాడుకునేవారు. అతని ముందే. అతను లేనట్టే. అతని వెన్ను గోడలో భాగమైనట్టే.

లేకపోతే లేదు. నాలుగు వేల నూట పది అతుకులు పెట్టాడు. ఒక్కటీ కారలేదు.

ఒక్కటీ.

ఆ ‘ఒక్కటీ’ అనే మాటని అతను లోపలి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఎవరైనా చదువు గురించి ఎత్తితే జేబు తడుముకునేవాడు.

ఆ సోమవారం, మీటరు ఆగిపోయింది.

రెండు వందల పద్నాలుగో స్తంభం దగ్గర. పంపు తిరుగుతోంది, ముల్లు దిగడం లేదు. ఎంత తోడినా అంతే. ఎక్కడినుంచో సన్నగా, నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరిలా సన్నగా… గాలి.

అక్కడి అతుకు అతనిదే. ఆరు వారాల కింద పెట్టింది.

తనిఖీ ఇంజనీరు వచ్చాడు. ఇంజనీరు అంటే ఇంకెవరో కాదు, భార్య తమ్ముడు. మెడలో టై, చేతిలో పలక లాంటి కంప్యూటరు, మొహాన పెళ్ళినాటి నుంచీ అదే నవ్వు.

“బావా, నీ అతుకే.”

“ముందు నోరు కడుక్కో.”

“నోరు కడుక్కుంటే ముల్లు దిగుతుందా? చూడు, కదలనంటోంది. అచ్చం నీలాగే.”

“నా అతుకు కారదురా.”

“మరి నా టై కారుతోందా?”

వేరే రోజైతే ముక్కు నవ్వేవాడు. టై పట్టుకుని పిండి చూపించేవాడు కూడా.

కబురు పైకి వెళ్ళింది. పైనుంచి మాట కిందికి వచ్చింది. గురువారం ఆ అతుకుని కోసేయాలి. కొత్త ముక్క వేయాలి. మూడు వారాల పని.

ఒకరి అతుకుని కోస్తే, ఆ మనిషి కార్డు తీసుకుంటారు. గొట్టం మీద చెయ్యి వేయడానికి హక్కిచ్చే కార్డు అది. సొరంగం మొత్తానికి అలాంటివి ఐదే ఉన్నాయి. కార్డు పోయినవాడు పైకి వెళ్ళాలి. పైన యార్డు. యార్డులో కటకటాలు, మెట్ల రెయిలింగులు…

గేట్లు.

మళ్ళీ గేట్లు.

మంగళవారం పొద్దుటి నుంచీ ముక్కు హీలియం చల్లుతూనే ఉన్నాడు. గొట్టానికి ఒక మిషను తగిలించి, బయట అతుకు చుట్టూ సన్నటి సూదితో హీలియం ఊదుతారు. వెంట్రుకలో వెయ్యో వంతు బెజ్జమున్నా అది లోపలికి దూరుతుంది. దూరిందా, మిషను కీచుమంటుంది.

ఊదాడు. చుట్టూ ఊదాడు. కింద పడుకుని ఊదాడు. ప్లాస్టిక్ సంచి కట్టి, అందులో నింపి గంటసేపు ఉంచాడు.

మిషను మూగదైపోయింది.

అతుకు వెండి తీగలా మెరుస్తోంది. పొలుసు మీద పొలుసు, చేప వీపులా, ఒకే కొలత, ఒకే వంపు. దాన్ని చూస్తుంటే కోపం కూడా అందంగానే వస్తోంది.

“ఏం ముక్కు గారూ, చేప పలకడం లేదా?”

ప్రొఫెసరమ్మ. నెరిసిన జుట్టు, జేబు చిరిగిన కోటు. ‘ముక్కు’కి ‘గారు’ తగిలించేది ఆ సొరంగం మొత్తంలో ఆవిడొక్కతే. వచ్చే సోమవారం నుంచి మూడు వారాలు గొట్టం ఆవిడది. సీసం కేంద్రకాల్ని రెండు వైపుల నుంచీ తోలి గుద్దించే వారాలు అవి. ఏడాదికి ఒక్కసారే వస్తాయి. వచ్చే ఏడాదికి ఆవిడ రిటైరు.

గురువారం కోస్తే… ఆ మూడు వారాలూ పోతాయి.

ఆవిడ అతని పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. తిట్టలేదు. అదే అతన్ని తినేసింది.

“ఒకటి అడగనా అమ్మా?”

“అడగండి.”

“ఇరవై ఆరేళ్ళ నుంచి తోడుతున్నాను. ఎందుకు తోడుతున్నానో తెలీదు.”

“ఎవర్నీ అడగలేదా?”

“అడిగితే తెలీదని తెలిసిపోదూ?”

ఆవిడ నవ్వలేదు. అతని తల మీది టోపీ తీసుకుంది. దాని అంచుకున్న రబ్బరు పట్టీ పట్టుకుని లాగింది.

“ప్రతి ప్రోటాన్ లోపలా మూడు గింజలున్నాయనుకోండి. క్వార్కులంటాం. దగ్గరగా ఉంటే హాయిగా ఆడుకుంటాయి. ఒకదాన్ని విడదీద్దామని లాగామా — ఈ పట్టీలా బిగుసుకుంటుంది. మామూలుగా ఏదైనా దూరమయ్యే కొద్దీ పట్టు సడలుతుంది కదా. ఇక్కడ సడలదు.”

“గట్టిగా లాగితే?”

“తెగుతుంది.”

“అయితే బయటికి వచ్చినట్టేగా?”

“తెగిన చోట రెండు కొత్త కొసలు పుడతాయి. మనం లాగిన బలమే కొత్త గింజలవుతుంది. ఒంటరి గింజని ఇంతవరకూ ఏ కన్నూ చూడలేదు ముక్కు గారూ.”

ముక్కు ఆలోచించాడు.

“బయటికే రానిదాన్ని ఉందని ఎలా చెప్తున్నారమ్మా?”

“పొద మీద రాయి వేస్తే పిట్టలు లేస్తాయి. లేచిన తీరు చూసి పొదలో గూడెక్కడుందో చెప్పలేమూ? అందుకే గుద్దించడం. అటూ ఇటూ జల్లులుగా చిమ్ముతాయి. ఆ జల్లుని చదువుతాం.”

“మరి లోపల వాటిని కట్టేసింది ఎవరు?”

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇదే అడగాలని ఎదురుచూసినట్టు.

“ఖాళీ.”

“ఆఁ?”

“మనం ఖాళీ అనుకునేది ఉత్త ఖాళీ కాదు. చెరువు పైకి నిమ్మళంగా ఉండి అడుగున కదులుతున్నట్టు, అది కదులుతూనే ఉంటుంది. ఆ ఖాళీయే వాటిని బయటికి రానివ్వదు. సీసాన్ని సీసంతో గుద్దిస్తే, లెక్కకి కూడా అందనంత చిన్న క్షణం… ఆ ఖాళీ కరుగుతుంది. కట్లు ఊడతాయి. గింజలన్నీ కలిసి ఈదుతాయి. చల్లారగానే మళ్ళీ ముడి. మంచు కరిగి మళ్ళీ గడ్డ కట్టినట్టు. ఆ కరగడం చూడాలి నాకు.” కొంచెం ఆగింది. “మీ బరువెంత?”

“డెబ్బై రెండు.”

“అందులో గింజల సొంత బరువు కిలో కూడా ఉండదు. తక్కినదంతా ఆ కట్టు బలమే.”

ముక్కు తన చెయ్యి చూసుకున్నాడు. నిప్పురవ్వల మచ్చలున్న చెయ్యి.

“దాన్ని చూడాలంటే దారిలో ఇంకేమీ ఉండకూడదు,” అంది ఆవిడ లేస్తూ. “ఆ దారి మీరు వేశారు. ఇరవై ఆరేళ్ళ నుంచి మేం చూసిందంతా మీ గొట్టంలోనే చూశాం.”

ఆవిడ వెళ్ళిపోయింది.

ముక్కు అక్కడే నిలబడ్డాడు. ఛాతీలో ఏదో పొంగింది. పొంగి, ఎటు పోవాలో తెలియక, ఆగింది.

తను తోడింది గాలి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. సృష్టిని కట్టిపెట్టిన ముడి దగ్గరికి దారి ఊడ్చాడు తను. టైలు లేకుండా. పరీక్షలు లేకుండా.

ఊడ్చాడు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే భార్య అంది, “తమ్ముడు ఫోన్ చేశాడు. మీ అతుకు పోయిందట.”

“పోలేదు.”

“వాడి మీద అరిచారట.”

“వాడు తిట్లు తినడానికి తగ్గవాడే.”

“ఆ మాట నిజమేలెండి,” అంది ఆవిడ, టీ ఇస్తూ.

అతను ఆవిడకి క్వార్కుల సంగతి చెప్పాడు. మనిషి బరువంతా కట్టు బలమేనన్నాడు. ఆవిడ శ్రద్ధగా విని, “ఏ కట్టైనా కానీండి, నా బరువు గురించి మాత్రం బయట ఎక్కడా చెప్పకండి,” అంది.

అతను నవ్వాడు. రెండు రోజుల తర్వాత మొదటి నవ్వు.

బుధవారం పొద్దున, అద్దం ముందు గడ్డం గీస్తూ ఉండగా —

బ్లేడు ఆగింది.

బయటినుంచి ఏమీ లోపలికి రావడం లేదు. హీలియం రాలేదు. అది రాని చోటికి గాలి ఎలా వస్తుంది? రాదు. అయినా గాలి ఉంది.

అయితే అది లోపలే ఉంది. మొదటినుంచీ. ఎక్కడో ఇరుక్కుని.

కళ్ళు మూసుకుని గొట్టంలోకి వెళ్ళాడు. నున్నటి గోడ. గోడకి రాగి రేకు. రేకుని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు…

స్క్రూలు.

గొట్టం లోపల వాడే స్క్రూ మామూలు స్క్రూ కాదు. తల నుంచి మొన దాకా సూది దూరేంత సన్నటి బెజ్జం ఉంటుంది దానికి. లేకపోతే స్క్రూ బిగించిన గుంట అడుగున చిటికెడు గాలి చిక్కుకుపోతుంది. స్క్రూ చుట్ల సందుల్లోంచి నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది. అందుకే బిగించే ముందు ప్రతి స్క్రూనీ దీపానికి ఎదురుగా పట్టి, బెజ్జంలోంచి వెలుగు చూడాలి. చుక్కంత వెలుగు. అది కనబడితేనే బిగించాలి. అది అక్కడి ఆచారం. పాతవాళ్ళు అతనికి నేర్పారు. అతను కొత్తవాళ్ళకి నేర్పాడు.

ఆరు వారాల కింద.

మొదటి స్క్రూ — వెలుగు.

రెండోది — వెలుగు.

మూడోది — వెలుగు.

నాలుగోది చేతిలో ఉండగా బావమరిది ఫోటోలు తీసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. “బావా, ఆ చివర నువ్వు పెట్టిన అతుకు ఫోటో పైకి పంపుతున్నాం. కొత్తవాళ్ళకి పాఠంగా పెడతారట. కాస్త నిటారుగా నిలబడు.” ముక్కు నిలబడ్డాడు. ఇంకాస్త నిలబడ్డాడు. నవ్వాడు. చెయ్యి నాలుగో స్క్రూని బిగించింది.

“నాలుగూ చూశావుగా బావా?”

“చూశాను పోరా.”

బావమరిది సంతకం పెట్టాడు.

చూశాడా? చూశాడు…

చూశాడా?

అద్దంలో సగం గీసిన గడ్డం. సబ్బు ఆరిపోయింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అతుకు కోస్తారు. ఆ ముక్క తుక్కులోకి పోతుంది. స్క్రూ దానితో పాటే పోతుంది. కార్డు పోతుంది. ‘కారింది’ అంటారు. అతుకులు కారడం లోకంలో మామూలే. అందరూ జాలి పడతారు.

నోరు విప్పితే అతుకు బతుకుతుంది. కానీ ‘వెలుగు చూడకుండా చూశానన్నాడు’ అంటారు. దానికి జాలి ఉండదు.

అతుకు నిజం. తను చెప్పింది అబద్ధం.

నిజమైనదాన్ని కోయించి అబద్ధాన్ని తుక్కులో దాచుకోవాలా?

గడ్డం రెండో సగం గీసుకున్నాడు. జాగ్రత్తగా. పెళ్ళికి వెళ్ళేవాడిలా.

పైన గాజు గది. పొడుగు బల్ల. టైలు. గోడ మీద గురువారం కోతకి గీసిన పటం. పెద్ద ఇంజనీరు, ప్రొఫెసరమ్మ, బావమరిది, ఇంకో ఏడుగురు. ఆ గదిలోకి ముక్కు ఇంతవరకూ ఏసీ గొట్టం బాగుచేయడానికే వెళ్ళాడు.

“కోయకండి,” అన్నాడు. “అతుకు బాగుంది. తప్పు లోపల ఉంది. నాలుగో స్క్రూకి నేను వెలుగు చూడలేదు. చూశానని చెప్పాను. నా మాట నమ్మి ఇతను సంతకం పెట్టాడు.”

గది చల్లబడింది.

బావమరిది టై సర్దుకున్నాడు. సర్దిన టైనే మళ్ళీ సర్దాడు.

“అది స్క్రూనే అని ఎలా చెప్పగలవు?” అన్నాడు పెద్ద ఇంజనీరు. “కళ్ళతో చూశావా?”

“గొట్టం విప్పకుండా ఎవరూ చూడలేరు సార్. కానీ అడిగితే అదే చెప్తుంది. గొట్టంలో ఆర్గాన్ నింపండి.”

ఆర్గాన్. వెల్డింగ్ మంటకి గాలి సోకకుండా దుప్పటి కప్పే వాయువు. బడి మానేసిన దగ్గరినుంచీ ముక్కుకి తోడు అదే. దాని బుస్సు అతనికి పలకరింపులా వినిపిస్తుంది.

“ఒక పూట నింపి ఉంచండి. ఆ ఇరుకులో కూడా అదే దూరుతుంది. తర్వాత తోడండి. అతుకే కారుతుంటే మళ్ళీ బయటి గాలే వస్తుంది. స్క్రూ కింద నుంచైతే ఆర్గాన్ వస్తుంది. గ్యాసు మిషను మీద గీత ఎక్కడ లేస్తుందో చూడండి — గాలిదైతే ఇరవై ఎనిమిది అంకె దగ్గర, ఆర్గాన్‌దైతే నలభై దగ్గర.”

పలకల మీద వేళ్ళు ఆగాయి.

“జల్లు చదవడం,” అంది ప్రొఫెసరమ్మ మెల్లిగా. ఆ మాట ఆ గదిలో ఇద్దరికే అర్థమైంది.

వరండాలో బావమరిది వెనకాలే వచ్చాడు. మొహాన పెళ్ళినాటి నవ్వు లేదు.

“పిచ్చి బావా. ఊరుకుంటే అతుకు పోయేది, అంతేగా. స్క్రూ సంగతి ఎవడికి తెలుస్తుంది?”

“అతుక్కి తెలుసురా.”

“…నన్నెందుకు కాశావు?”

“కాయలేదు. జరిగింది చెప్పాను. అయినా నిన్ను కాయకపోతే మీ అక్క నాకు టీ ఇస్తుందా?”

బావమరిది నవ్వబోయి, నవ్వలేక, బావ భుజం మీద చెయ్యి వేశాడు. బరువుగా. తీయలేదు.

నింపారు. ఉంచారు. తోడారు.

మధ్యాహ్నం మూడింటికి మిషను చుట్టూ పదిమంది. తెర మీద గాలి గీత ఉండాల్సిన చోట… చదును. ఉత్త చదును. ఎండిన పొలంలా.

నలభై అంకె దగ్గర —

గీత లేచింది.

నిటారుగా. ఒంటరిగా. మొలకలా.

ఆర్గాన్.

తన తప్పు రుజువైనందుకు ఛాతీ ఉబ్బిన మనిషిని ఆ సొరంగం అంతకుముందు చూసి ఉండదు. టైలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టబోయి, కొట్టొచ్చో లేదో తెలియక చేతులు నలుపుకున్నారు. ముక్కు తన అతుకు వైపు చూశాడు. అది మెరుస్తోంది. ఎవరికీ ఏమీ రుజువు చేయాల్సిన పని లేనట్టు.

గొట్టం విప్పలేదు. ఆ చోట చుట్టూ వేడి పట్టీలు కట్టి, మూడు రోజులు కాల్చారు. వేడికి ఇరుకులోని ఊపిరి తొందరగా బయటపడుతుంది. దాన్ని తోడారు. ముల్లు దిగింది. ఆగింది. ఆలోచించింది. మళ్ళీ దిగింది. ఆదివారం సాయంత్రానికి చందమామ దాకా.

ముక్కు కార్డు పెద్ద ఇంజనీరు సొరుగులోకి వెళ్ళింది.

“ఏడాది చివర గొట్టం విప్పుతాం. స్క్రూ చూశాక మాట్లాడదాం,” అన్నాడాయన. ఒక అడుగు వేసి వెనక్కి తిరిగాడు. “ఆర్గాన్ ఆలోచన… బాగుంది.” ఆ ‘బాగుంది’ ఆయన నోట్లోంచి పన్ను పీకినట్టు వచ్చింది.

అంతే. కార్డు తిరిగి వస్తుందని అనలేదు. రాదనీ అనలేదు.

సోమవారం గొట్టంలోకి సీసం వదిలారు. సొరంగం తలుపులు మూశారు. ప్రొఫెసరమ్మ కబురు పంపితే ముక్కు పైన తెరల గదికి వెళ్ళాడు. అందరి కుర్చీల వెనకా నిలబడ్డాడు.

ఒక తెర నల్లగా ఉంది.

ఉంది…

ఉంది…

చిమ్మింది!

ఒక్క చుక్కలోంచి వేల గీతలు. ఎర్రవి, పచ్చవి, బంగారువి. వాన నేలని తాకినట్టు. పొదలోంచి పిట్టలన్నీ ఒక్కసారే లేచినట్టు.

అక్కడ, ఆ చుక్కలో, ఒక క్షణం ఖాళీ కరిగింది. గింజలు ఈదాయి. మళ్ళీ ముడిపడ్డాయి. ఎవరూ చూడలేదు. ఎవరూ చూడలేరు. అయినా గదిలో అందరికీ తెలుసు.

ప్రొఫెసరమ్మ వెనక్కి తిరిగింది. కోట్లన్నీ దాటి, కుర్చీలన్నీ దాటి, ఆవిడ కళ్ళు గోడకి ఆనుకున్న మనిషిని వెతికాయి.

“ముక్కు గారూ,” అంది, అందరూ వినేలా. “చూశారా మీ ఖాళీ?”

గదిలోని తలలన్నీ తిరిగాయి.

అతను తల ఊపాడు.  

మర్నాడు పొద్దున యార్డులో రిపోర్టు చేయాలి. అతను తొందరగా బయల్దేరాడు. చలి. రోడ్డు మీద ఇంకా ఎవరూ లేరు. అతని బూట్ల కింద తారు, తారు కింద మట్టి, మట్టి కింద సొరంగం. అందులో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు సీసం పరుగెడుతోంది — అతను ఊడ్చిన దారిలో, ఎక్కడా దేనికీ తగలకుండా, రెండు వందల పద్నాలుగో స్తంభాన్ని క్షణానికి వేలసార్లు దాటుకుంటూ.

అక్కడ గొట్టం లోపల నాలుగో స్క్రూ. వెలుగు ఉన్నదో. లేనిదో.

యార్డు గేటు ముందు ఆగాడు. తుప్పు పట్టింది. అతుకు ఎవరో వంకరగా పెట్టారు. వేలితో తడిమాడు. ‘ఛీ’ అనుకున్నాడు. ఇది మళ్ళీ పెట్టాలి. సరిగ్గా పెట్టాలి.

పొడుగ్గా ఊపిరి వదిలాడు.

చలికి తెల్లగా పొంగింది. ముందుకి పాకింది. ఎటు పోవాలో తోచనట్టు ఒక్క క్షణం ఆగి…